నాన్న ట్రంకు పెట్టెలో ఫొటోలు, నెగటివ్‌లు: పన్నెండు వేలలో ఏ స్కానర్ కొనాలి?

లంక టీచర్:

అందరికీ నమస్కారం. నేను కోనసీమలో జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ చెబుతాను. స్కానర్ల గురించి పది రోజులుగా వీడియోలు చూస్తున్నాను. ఒకరు ఇది కొనమంటారు, ఇంకొకరు అది పనికిరాదంటారు. బుర్ర వేడెక్కిపోయింది, అందుకే ఇక్కడ అడుగుతున్నాను.

మా నాన్నగారు ఎలక్ట్రిసిటీ బోర్డులో లైన్‌మన్‌గా చేశారు. ఆయనకున్న ఒకే ఒక్క సరదా ఫొటోలు తియ్యడం. మొదట ఆగ్ఫా క్లిక్ త్రీ కెమెరా ఉండేది. నేను పదో తరగతిలో ఉండగా యాషికా కొన్నారు, అది మామూలు 35 ఎంఎం రీలు వేసేది. నాన్న పోయి ఆరేళ్ళయింది. ఫొటోలన్నీ ఒక ట్రంకు పెట్టెలో ఉన్నాయి. 1986 ఆగస్టు వరదల్లో ఇంట్లోకి నీళ్ళొచ్చినప్పుడు అమ్మ బియ్యం బస్తా కన్నా ముందు ఆ పెట్టెనే అటక మీదకి ఎక్కించింది. అప్పటికే అడుగున కొంచెం తడి చేరింది. అడుగున ఉన్న ఫొటోలు కొన్ని ఒకదానికొకటి అంటుకుపోయి ఉన్నాయి.

వేసవి సెలవుల్లో కూర్చుని లెక్కపెట్టాను. ప్రింట్లు 640 పైచిలుకు. పాతవి పోస్టుకార్డు సైజు, తొంభైల తర్వాతవి మ్యాక్సీ సైజు. నలుపు తెలుపు నెగటివ్‌లు 31 ముక్కలు, పెద్దవి, చదరంగా ఉంటాయి, ఒక్కో ముక్కలో మూడు బొమ్మలు. కలర్ నెగటివ్‌లు 58 ముక్కలు, కొన్నింటిలో నాలుగు బొమ్మలు, కొన్నింటిలో ఆరు. ఇవి కాక అమ్మానాన్నల పెళ్ళి ఫొటో ఒకటి ఫ్రేములో అద్దానికి అతుక్కుపోయి ఉంది.

అమ్మకి ఈ కార్తీకంలో సహస్ర చంద్ర దర్శనం చేయిద్దామనుకుంటున్నాం. చూపు బాగా మందగించింది. పోస్టుకార్డు సైజు ఫొటో చేతికిస్తే వెలుతురులోకి తిప్పి తిప్పి చూసి, "ఎవరో తెలియట్లేదమ్మా" అని పక్కన పెట్టేస్తోంది. అదే ఫోన్లో తీసి టీవీలో పెద్దగా వేసి చూపిస్తే, "ఇది మా పెదమామయ్య రెండో కూతురు, ఓణీల ఫంక్షన్" అని పేరుతో సహా చెప్పేసింది. అందుకే ఇదంతా స్కాన్ చేసి టీవీలో పెట్టాలని నా తాపత్రయం. ఆ పేర్లు చెప్పగలిగేది ఇప్పుడు అమ్మ ఒక్కతే.

ఒకసారి టౌన్లో ఒక ల్యాబ్‌కి ఇరవై నెగటివ్‌లు ఇచ్చి చూశాను. వాట్సాప్‌లో పంపించారు, చిన్నగా వచ్చాయి. తిరిగి ఇచ్చినప్పుడు రెండింటి మీద ఇంతకుముందు లేని గీతలున్నాయి. ఇక బయట ఎవరి చేతికీ ఇవ్వలేను.

నా ప్రశ్నలు: ప్రింట్లకీ నెగటివ్‌లకీ కలిపి ఒకే మిషన్ వస్తుందా? 2400, 4800, 9600 డీపీఐ అంటారు, నాకు ఎంత కావాలి? మా స్కూల్లో ప్రింటరు మీదే స్కానర్ ఉంది, అది సరిపోతుందా? బడ్జెట్ పన్నెండు వేలు. మరీ అవసరమైతే పదిహేను దాకా వెళ్తాను.

కూకట్‌పల్లి నుంచి:

మేడమ్, అన్నీ ఒకే మిషన్‌లో కావాలంటే ఎప్సన్ పర్ఫెక్షన్ వీ600 చూడండి. 2009లో వచ్చిన మోడల్, ఇప్పటికీ జనం వాడుతున్నారు. మూతలో లైటు ఉంటుంది కాబట్టి ఫిల్మ్ కూడా స్కాన్ అవుతుంది. 35 ఎంఎం అయితే ఆరేసి బొమ్మల ముక్కలు రెండు, అంటే పన్నెండు ఫ్రేములు ఒకేసారి పెట్టొచ్చు. మీ చదరం నెగటివ్‌లకి కూడా హోల్డర్ ఇస్తారు. దుమ్ము మచ్చల్ని తనే తీసేసే డిజిటల్ ఐస్ ఉంది. కాకపోతే నేను చూసినప్పుడు కొత్తది మీ బడ్జెట్‌కి రెండు మూడింతలు ఉండేది. సెకండ్ హ్యాండ్ దొరికితే వదలకండి. నేను అలాగే కొన్నాను.

విశాఖ రైల్వే క్వార్టర్స్:

టీచర్ గారూ, ఏది కొనకూడదో నేను చెబుతాను. చిన్న పెట్టెలా ఉండి, పైన బుల్లి స్క్రీన్ ఉండి, "22 మెగాపిక్సెల్ ఫిల్మ్ స్కానర్, కంప్యూటర్ అక్కర్లేదు" అని అమ్ముతారు చూడండి, అలాంటిది నేను ఏడు వేలకు కొన్నాను. కంపెనీ పేరు రాయను. దాని లోపల నిజంగా స్కానర్ ఉండదు, చిన్న కెమెరా ఉంటుంది. నెగటివ్‌ని ఒక్క దెబ్బలో ఫొటో తీసేసి జేపెగ్ చేసి కార్డులో పడేస్తుంది. మా నాన్నమ్మ తెల్ల చీర మొత్తం ఒకే సున్నం గోడలా వచ్చింది, మడతలు లేవు, జరీ లేదు. నెగటివ్‌ని భూతద్దంతో చూస్తే అవన్నీ ఉన్నాయి! నేను వాడినదాంట్లో 35 ఎంఎం తప్ప వేరేది పట్టదు కూడా, మీ చదరం నెగటివ్‌లు అసలు దూరవు.

అమ్మగారికి ఈ వారమే నాలుగు ఫొటోలు చూపించాలంటే ఫోన్లో గూగుల్ ఫొటోస్కాన్ యాప్ పెట్టుకోండి, ఉచితం. నాలుగు మూలల నుంచి తీయించి, లైటు మెరుపు లేకుండా కలిపేస్తుంది. దాచుకోవడానికి అది చాలదు, చూడటానికి బాగానే ఉంటుంది.

తెనాలి డార్క్‌రూమ్:

టీచరమ్మా, నేను ఆరేళ్ళు స్టూడియో డార్క్‌రూములో, తర్వాత పద్నాలుగేళ్ళు కలర్ ల్యాబ్‌లో ప్రింటింగ్ మిషన్ మీద పని చేశాను. ఎన్ని పెళ్ళిళ్ళ నెగటివ్‌లు ఈ చేతుల మీదుగా వెళ్ళాయో లెక్కలేదు. ఇప్పుడు ఊళ్ళోవాళ్ళ పాత ఫొటోలు స్కాన్ చేసి పెడుతుంటాను. కాస్త పెద్దగానే రాస్తాను, ఓపిగ్గా చదవండి.

మీ పెట్టెలో మూడు రకాల వస్తువులున్నాయి: ప్రింట్లు, పెద్ద నెగటివ్‌లు, చిన్న నెగటివ్‌లు. ఈ మూడింటికీ ఒకటే మిషన్ అనుకున్నంతకాలం మీ బడ్జెట్ చాలదు. విడదీస్తే పన్నెండు వేలలోనే అయిపోతుంది.

ముందు ప్రింట్లు. కానన్ లైడ్ 300 కొనండి. నేను చివరిసారి చూసినప్పుడు ఆరు వేల లోపే ఉంది. పలకలా పల్చగా ఉంటుంది. వేరే కరెంటు తీగ లేదు, ల్యాప్‌టాప్‌కి యూఎస్‌బీ పెడితే చాలు. మీ లంకలో కరెంటు పోయినా పని ఆగదు. దీని గరిష్ఠం 2400 డీపీఐ. లైడ్ 400 అయితే 4800, ధర ఇంకొంచెం ఎక్కువ. ప్రింట్ల కోసమైతే ఆ తేడాకి డబ్బు పెట్టొద్దు. ఎందుకంటే డీపీఐ అంటే అంగుళానికి ఎన్ని చుక్కలుగా చదువుతుందన్న లెక్క. ల్యాబ్ ప్రింటులో అసలు ఉండే వివరమే అంగుళానికి 300 చుక్కల దగ్గర. 600లో స్కాన్ చేస్తే ఉన్నదంతా వచ్చేసి, ఇంకొంచెం మిగులుతుంది. పోస్టుకార్డు సైజు మూడున్నర బై అయిదు అంగుళాలు. 600లో అది 2100 బై 3000 చుక్కలు. మీ టీవీ ఫోర్‌కే అయినా నిలువునా ఉండేది 2160 చుక్కలే. అమ్మగారు చూడటానికి ఇది పుష్కలం. 4800 పెడితే ఫైలు కొండంత అవుతుంది, కాగితం పీచు కనిపిస్తుంది, మనిషి మొహం మాత్రం అంతే.

స్కూలు ప్రింటరు సంగతి. అద్దం మీద గీతలు లేకపోతే దాని మీద కూడా 600 వస్తుంది, మొహమాటం లేకుండా వాడొచ్చు. కానీ 640 ఫొటోలు స్కూలు పని మధ్యలో అవుతాయా? ఇంట్లో అమ్మగారి మంచం పక్కన మీ మిషన్ ఉంటే రోజుకి ముప్పై చొప్పున అయిపోతాయి.

ఈ పల్చటి స్కానర్లకి ఒక బలహీనత ఉంది, ముందే తెలుసుకోండి. వీటి లోపల సీఐఎస్ అనే రకం సెన్సర్ ఉంటుంది. అద్దానికి ఆనుకున్నదే స్పష్టంగా కనిపిస్తుంది, రెండు మిల్లీమీటర్లు పైకి లేస్తే మసకబారుతుంది. వంకర తిరిగిన ఫొటోని ముందు రోజు రాత్రి తెల్ల కాగితాల మధ్య పెట్టి పైన డిక్షనరీ లాంటి బరువు పెట్టండి. ఫ్రేములో అతుక్కున్న పెళ్ళి ఫొటో దీని మీద పెట్టొద్దు, మధ్యలో ఫ్రేము అద్దం అడ్డం కాబట్టి మసకగా వస్తుంది. దాన్ని అద్దం నుంచి పీకే ప్రయత్నం కూడా చెయ్యొద్దమ్మా. ఫొటో పై పొర జెలటిన్. పీకితే మొహాలు అద్దం మీద ఉండిపోతాయి, కాగితం మీ చేతికొస్తుంది. అలా ఏడ్చినవాళ్ళని చూశాను. దాన్ని మబ్బు పట్టిన రోజున వరండాలో పెట్టి, పక్కగా వెలుతురు వచ్చేలా చూసుకుని, నల్ల దుప్పటి ఎదురుగా కట్టి కెమెరాతో తియ్యండి. అద్దంలో ప్రతిబింబం పడదు.

ఎనభైల కలర్ ప్రింట్లు వేలితో తడిమి చూడండి. తేనెపట్టులా గరుకుగా ఉంటే అవి సిల్క్ ఫినిష్. స్కాన్‌లో తెల్ల చుక్కలు చుక్కలుగా కనిపిస్తాయి. ఈ మిషన్లలో వెలుతురు ఒక పక్క నుంచే పడుతుంది మరి. అలాంటివి తలకిందులుగా తిప్పి రెండోసారి కూడా స్కాన్ చేసి దాచండి. రెంటినీ కలిపితే చుక్కలు తగ్గుతాయి. ముఖ్యమైన ఫొటోలకే ఈ శ్రమ, అన్నింటికీ అక్కర్లేదు.

ప్రతి ప్రింటు వెనక వైపు చూడండి. స్టూడియో ముద్ర, తేదీ, నాన్నగారి దస్తూరీ ఏదున్నా దాన్ని కూడా స్కాన్ చేసి, అదే నంబరు ఇచ్చి పక్కన పెట్టండి. సాఫ్ట్‌వేర్‌లో రంగులు తనే సరిచేసే ఆప్షన్ ఆపేయండి. వెలిసిన రంగు తర్వాత ఎప్పుడైనా సరిచేసుకోవచ్చు, మిషన్ మింగేసిన వివరం మళ్ళీ రాదు. నలుపు తెలుపు ఫొటోలు కూడా కలర్‌లోనే స్కాన్ చెయ్యండి. మా రోజుల్లో ప్రింటు మీద బుగ్గలకీ పెదాలకీ చేత్తో రంగు అద్దేవాళ్ళం. గ్రేలో పెడితే ఆ పనితనం పోతుంది.

ఇప్పుడు నెగటివ్‌లు. లైడ్ వీటికి పనికిరాదు, మూతలో లైటు లేదు. ఫిల్మ్‌కి వెలుతురు వెనక నుంచి రావాలి. పైన బాబు చెప్పిన వీ600 మంచిదే. కాకపోతే పెట్టె మీద 6400 అని ఉన్నా, పరీక్ష చార్టు పెట్టి చూసినవాళ్ళకి నిజంగా విడివడి కనిపించింది 1600 దరిదాపుల్లోనే. మీ పెద్ద నెగటివ్‌లకి అది బాగా సరిపోతుంది, ఎందుకంటే బొమ్మే పెద్దది. చిన్న వాటికి కాస్త తక్కువే. ప్లస్‌టెక్ ఆప్టిక్‌ఫిల్మ్ 8100 అని ఇంకొకటి ఉంది. చిన్న నెగటివ్‌లకి చాలా మంచిది, నిజంగానే మూడు వేల డీపీఐ దాటి ఇస్తుంది. కానీ నేను చూసినప్పుడు ధర ముప్పై వేల పైమాట, చదరం నెగటివ్‌లు అందులో పట్టవు. ఇంకో సంగతి, డిజిటల్ ఐస్ ఇన్‌ఫ్రారెడ్ వెలుతురుతో దుమ్ముని కనిపెడుతుంది. కలర్ ఫిల్మ్‌లో రంగుల గుండా ఆ వెలుతురు దాటిపోతుంది, దుమ్ము దగ్గర ఆగుతుంది. నలుపు తెలుపు ఫిల్మ్‌లో బొమ్మ అంతా వెండి, అది కూడా వెలుతురుని ఆపేస్తుంది కాబట్టి మిషన్‌కి తేడా తెలియదు. మీ 31 ముక్కలకీ అది అక్కరకు రాదు.

అందుకే నేను అడిగేది: మీ ఇళ్ళలో ఎవరి దగ్గరైనా డీఎస్ఎల్ఆర్ కెమెరా ఉందా? ఉంటే స్కానర్ ఆలోచన నెగటివ్‌ల వరకు మానేయండి.

లంక టీచర్:

అన్నయ్య గారూ, ఇంత ఓపిగ్గా రాసినందుకు చాలా చాలా సంతోషం. మా తమ్ముడి కొడుకు దగ్గర కానన్ డీఎస్ఎల్ఆర్ ఉంది, 24 మెగాపిక్సెల్. దానితో వచ్చిన లెన్సు కాక 50 ఎంఎం లెన్సు ఒకటి కొనుక్కున్నాడు. దసరాకి వస్తాడు. దానితో నెగటివ్ ఎలా తీస్తారు? పెట్టెలో కలరా ఉండలు వేసి ఉన్నాయి, పర్వాలేదా? అతుక్కుపోయిన ఫొటోలు విడదీయొచ్చా?

తెనాలి డార్క్‌రూమ్:

50 ఎంఎం ఉందంటే సగం పని అయిపోయినట్టే. ఎక్స్‌టెన్షన్ ట్యూబుల సెట్ ఒకటి కొనమనండి, 13, 21, 31 మిల్లీమీటర్లవి మూడు ఉంటాయి. లోపల గాజు ఉండదు, ఉత్త గొట్టాలు. కెమెరాకీ లెన్సుకీ మధ్య పెడితే లెన్సు దగ్గరి వస్తువుని చూడగలుగుతుంది. కరెంటు కాంటాక్టులు ఉన్నవే కొనాలి, లేకపోతే ఎఫ్ 8 (లెన్సు రంధ్రం ఎంత తెరవాలన్న కొలత) పెట్టడం కుదరదు. 31ది పెడితే 35 ఎంఎం ఫ్రేము సెన్సర్‌కి సరిగ్గా సరిపోతుంది. 13ది పెడితే మీ చదరం నెగటివ్ సరిపోతుంది. 24 మెగాపిక్సెల్ కెమెరాతో చిన్న నెగటివ్ తీస్తే అంగుళానికి నాలుగు వేల చుక్కలు దాటుతాయి.

కింద వెలుతురుకి ఎల్ఈడీ ప్యానెల్ కావాలి. పిల్లలు బొమ్మలు దించుకునే ట్రేసింగ్ ప్యాడ్ కాకుండా, వీడియోవాళ్ళు వాడేది, సీఆర్ఐ 95 అని రాసి ఉన్నది తీసుకోండి. రంగులు నిజంగా రావాలంటే అది ముఖ్యం. ఫిల్మ్‌ని నేరుగా లైటు మీద పడుకోబెట్టకండి. మధ్యలో పాల రంగు యాక్రిలిక్ ముక్క పెట్టి, దానికి ఒక అంగుళం పైన నల్ల అట్టలో కిటికీ కోసి ఫిల్మ్ బిగించండి. గదిలో మిగతా లైట్లన్నీ ఆర్పేయాలి.

కెమెరా, ఫిల్మ్ సమాంతరంగా ఉన్నాయో లేదో చూడటానికి ఒక పద్ధతి. ఫిల్మ్ పెట్టే చోట చేతి అద్దం ముక్క పెట్టి కెమెరాలోంచి చూడండి. లెన్సు ప్రతిబింబం సరిగ్గా మధ్యలో కనిపించాలి. పక్కకుంటే స్టాండు సరిచెయ్యండి. ఇది చెయ్యకపోతే ఒక మూల స్పష్టంగా, ఇంకో మూల మసకగా వస్తుంది. రా ఫైలుగా, అంటే కెమెరా ఏమీ కుదించకుండా ఇచ్చే ఫైలుగా తియ్యాలి, జేపెగ్ వద్దు. డార్క్‌టేబుల్ అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, అందులో నెగడాక్టర్ అనే పనిముట్టు కలర్ నెగటివ్ నారింజ పొర తీసి రంగులు తిప్పుతుంది. నలుపు తెలుపుకి ఊరికే ఇన్వర్ట్ చేసి వెలుగునీడలు సర్దుకుంటే చాలు.

నెగటివ్‌ని అంచులతోనే పట్టుకోండి. నోటితో ఊదొద్దు, తుంపర పడితే మచ్చ ఉండిపోతుంది. రబ్బరు బ్లోయర్ వాడండి. తడిగుడ్డ, స్పిరిట్ ఏమీ వద్దు. స్టూడియోవాళ్ళు ఇచ్చిన నెగటివ్ ఏదైనా ఉంటే మరీ జాగ్రత్త, మేం మొహం మీద మచ్చలు పోవడానికి నెగటివ్ మీదే సన్నగా పెన్సిల్ దిద్దేవాళ్ళం. తుడిస్తే ఆ పెన్సిల్ పోతుంది.

ఫిల్మ్‌లో మెరిసే వైపు ఒకటి, మెరవని వైపు ఒకటి ఉంటాయి. తిరగేసి పెడితే బొమ్మ కుడి ఎడమలు మారిపోతుంది. దుకాణం బోర్డు అక్షరాలు ఉంటే తెలిసిపోతుంది. అక్షరాలు లేకపోతే ఆడవాళ్ళ పైట చూడండి, ఎడమ భుజం మీద ఉండాలి.

కలరా ఉండలు తీసేయండి, సిలికా జెల్ పొట్లాలు వేయండి. అతుక్కున్న ఫొటోల జోలికి వెళ్ళొద్దు. వాటి నెగటివ్‌లు మీ 31 ముక్కల్లో ఉన్నాయేమో వెతకండి. నెగటివ్ ఉంటే ఇక ప్రింటు విడదియ్యాల్సిన పనేముంది?

ఎడిసన్, న్యూజెర్సీ:

ఒక చిన్న మాట. మా దగ్గర పాత స్కానర్లు గరాజ్ సేల్‌లో చవగ్గా దొరుకుతాయి. డ్రైవర్ కొత్త విండోస్‌కి రాదని అమ్మేస్తారు. మీకు కూడా ఎవరి ఇంట్లోనైనా పాత ఫిల్మ్ స్కానర్ మూలన పడి ఉంటే పారేయనివ్వకండి. వ్యూస్కాన్ అనే సాఫ్ట్‌వేర్ కొనుక్కుంటే అలాంటి పాతవి చాలావరకు మళ్ళీ నడుస్తాయి. నేను మా నాన్నగారి గుంటూరు ఫొటోలు అలాగే చేసుకున్నాను. ఫైళ్ళు మాత్రం ఒకే హార్డ్ డిస్కులో పెట్టకండి టీచర్ గారూ. ఒకటి ఇంట్లో, ఒకటి తమ్ముడి ఇంట్లో, ఒకటి క్లౌడ్‌లో.

లంక టీచర్:

అందరికీ నమస్కారం. ఏం జరిగిందో చెప్పాలని మళ్ళీ వచ్చాను.

లైడ్ 300 తీసుకున్నాను. ట్యూబులు, ఎల్ఈడీ ప్యానెల్, యాక్రిలిక్ ముక్క, బ్లోయర్ అన్నీ కలిపి కూడా పన్నెండు వేలు దాటలేదు. ప్రింట్లు 412 అయ్యాయి. ఒకేసారి నాలుగేసి ఫొటోలు వేలెడు ఎడంగా పెడుతున్నాను. ఫైలు పేరు ముందు సంవత్సరం, తర్వాత ఊరు, తర్వాత నంబరు. వెనక వైపుకి అదే నంబరుకి "వె" అని చేరుస్తున్నాను. 90 ఫొటోల వెనక నాన్న రాతలున్నాయి, ఇన్నేళ్ళూ ఎవరమూ తిప్పి చూడలేదు.

దసరాకి మేనల్లుడు వచ్చాడు. నాన్న పాత స్టూలు తిరగేసి దాని కాళ్ళ మధ్య లైటు పెట్టి, పైన కెమెరా కట్టాడు. చేతి అద్దం పద్ధతి భలే పనిచేసింది, మొదట ప్రతిబింబం బాగా పక్కకి ఉంది. అట్ట ముక్కలు కింద పెట్టి సర్దేసరికి మధ్యాహ్నం అయింది. నలుపు తెలుపు 31 ముక్కలూ రెండు రాత్రుల్లో అయిపోయాయి.

1979 గోదావరి పుష్కరాల ఫొటో ఒకటి ఉంది మా దగ్గర. అమ్మ రాజమండ్రి రేవులో మెట్ల మీద నన్ను ఎత్తుకుని నిలబడి ఉంటుంది, వెనక హేవలాక్ వంతెన. నిలువు ప్రింటు. నేను పుట్టినప్పటి నుంచీ చూస్తున్న ఫొటో. దాని నెగటివ్ చదరం కదా, కంప్యూటర్లో తిప్పి చూస్తే ఎడమ పక్కన ఇంకో మనిషి ఉన్నాడు. తలపాగా, మడిచి చంకలో పెట్టుకున్న గొడుగు, ఒక చేతిలో ఇత్తడి చెంబు. నిలువు కాగితం మీద వేసినప్పుడు ప్రింటులో ఆ పక్క కోసేశారన్నమాట. నాకైతే ఆయన ఎవరో తెలియలేదు. టీవీలో వేశాం. అమ్మ కుర్చీ ముందుకి జరుపుకుని చాలాసేపు చూసింది. "గొడుగు చూడు. అది నేను మొదటి జీతంలో కొనిపెట్టిన గొడుగు. మా నాన్న," అంది.

తాతయ్య ఫొటో మా ఇంట్లో ఒక్కటి కూడా లేదు. నేను పుట్టిన రెండేళ్ళకే పోయారు. ఆయన మొహం నేను చూడటం ఇదే మొదటిసారి. అన్నయ్య గారూ, మీరు చెప్పినట్టు అమ్మ పైట చూశాను, ఎడమ భుజం మీదే ఉంది. అంటే బొమ్మ తిరగబడలేదు, తాతయ్య నిజంగానే అమ్మకి కుడి పక్కన, మా వైపు నుంచి చూస్తే ఎడమన నిలబడ్డారు.

అమ్మ మొదటి జీతం అంది చూశారా, అమ్మ పెళ్ళికి ముందు ఏడాది పాటు బాలవాడీలో పని చేసిందట. ఆ సంగతి కూడా మాకు తెలియదు. ఇప్పుడు ఫొటో వేసిన ప్రతిసారీ ఫోన్లో అమ్మ మాట రికార్డు చేస్తున్నాను, ఫొటో నంబరే దానికీ ఇస్తున్నాను.

ఇంకో సందేహం. కలర్ ముక్కల్లో మూడు కాస్త ముడుచుకున్నట్టు ఉన్నాయి, వెనిగర్ లాంటి పుల్లటి వాసన వస్తోంది. అవి 1991 పుష్కరాలవి. ఏం చెయ్యాలి?

తెనాలి డార్క్‌రూమ్:

తాతగారి సంగతి చదివి చాలా సంతోషించానమ్మా. మా ల్యాబ్‌లో అలా ఎన్ని అంచులు కోసేశామో తలుచుకుంటే మనసు అదోలా అయింది.

ఆ పుల్లటి వాసన ఫిల్మ్ పాడవుతున్న గుర్తు. ఎసిటేట్ ఫిల్మ్ విడిపోతూ ఎసిటిక్ యాసిడ్ వదులుతుంది. ఒకసారి మొదలైతే ఆగదు, పక్క ఫిల్మ్‌కి కూడా ఆ ఆవిరి మంచిది కాదు. ఆ మూడింటినీ ఈ రోజే మిగతావాటి నుంచి విడదీసి, గాలి ఆడే కాగితం కవర్లో వేరే గదిలో పెట్టండి. ప్లాస్టిక్ కవర్లో బిగించొద్దు. మిగతా 55 ముక్కలూ ఆగగలవు, ఇవి ఆగలేవు. మేనల్లుడు వెళ్ళిపోకముందే ముందు వీటిని తీయించండి. ముడుచుకున్నదాన్ని బలవంతంగా చదును చెయ్యొద్దు, పొర చిట్లుతుంది. అట్ట కిటికీలో ఎంత వీలైతే అంత పట్టించి, ఎఫ్ 11 పెట్టి తియ్యమనండి. ఒక మూల మసకగా ఉంటే ఫోకస్ మార్చి ఇంకోటి తియ్యమనండి.

లంక టీచర్:

వాడు రేపు పొద్దున్న బస్సుకి వెళ్తున్నాడు. స్టూలు ఇప్పుడే మళ్ళీ తిరగేశాం. అమ్మ కూడా పడుకోలేదు, టీవీ ముందు కూర్చుంది.